నిద్రించు ఇంటికి హెచ్చరిక గంట

హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరుల వైపునుండి నాగార్జునసాగరమునకు పోవు రహదారి వెంట కొన్ని మైళ్ళు సాగినచో తుర్కయంజాల్ వచ్చును. మాసబ్ చెరువు ప్రక్కనున్న ఈ ఊరు చాలకాలము గ్రామ పంచాయతీగానే యుండెను. తరువాత పురపాలక సంఘమాయెను. 2025 డిసెంబరులో మహానగర పరిధిలో కలిసినది. పంచాయతీ సభ్యులకై వ్రాయు పాఠమునకు పంచాయతీ కాని ఊరినేల ఎన్నుకొంటిరని మీరడుగవచ్చును. కారణమొక్కటే. తుర్కయంజాల్ ఇండ్లకు గడచిన ఇరువది యేండ్లలో కలిగిన మార్పు నేడు రహదారి ప్రక్కనున్న పెద్ద గ్రామములన్నిటను మొదలైనది. అచటి ఇంటిని చూచుట మీ ఊరి రేపటి ఇంటిని చూచుటయే.

పాత ఇంటిని ఒకసారి తలచుకొనుడు. పైన పెంకులు, వాటి సందులనుండి వంటింటి పొగ తనంతట తానే బయటకు పోవును. ముందు వీధి వాకిలి, వెనుక పెరటి తలుపు. కట్టెల పొయ్యి పొగవలన మన ఆడువారి కండ్లును ఊపిరితిత్తులును చెడినమాట నిజమే. ఆ ఇంటిని మేము పొగడుటలేదు. కాని ఆ ఇంట నిప్పంటుకొన్నచో మనుష్యులు పారిపోవుటకు రెండు దారులుండెను.

ఇప్పుడు సాగరు రహదారి వెంట లేచిన ఇంటిని చూడుడు. రెండు వందల గజముల స్థలము, ప్రక్కయింటి గోడకు ఆనుకొన్న గోడ, పైన స్లాబు. మూడంతస్తులకు కలిపి ఒకే మెట్లదారి. మెట్ల క్రింద స్కూటర్లు, కరెంటు మీటర్లు, ఇన్వర్టరు బ్యాటరీ. కిటికీలకు కదలని ఇనుప ఊచలు. రాత్రి పదిగంటలకు జాలీ గేటు మూసి తాళము వేయుదురు. తాళపుచెవి ఇంటి యజమాని తలగడ క్రిందికి పోవును. పడకగదిలో ఏ.సి. యున్నచో కిటికీ సందులన్నియు బిగింపబడియుండును. స్నానపుగదిలో గ్యాసు గీజరు. క్రింది అంతస్తు ఒకచోట దుకాణము, ఒకచోట ప్లాస్టిక్ సామానుల గిడ్డంగి. పెరటి తలుపు మాత్రము లేదు. పెరడే లేదు గదా! ఈ ఇల్లు దొంగలనుండి మనలను బాగుగా కాపాడుచున్నది. పొగనుండి కాపాడుటలేదు.

ప్రాణము తీయునది పొగ

2025 మే 18, ఆదివారమునాటి ఉదయము. చార్మినారు సమీపమున గుల్జార్ హౌజ్ వద్దనున్న ఒక మేడలో నిప్పంటుకొనెను. క్రింద దుకాణములు, పైన ఒకే కుటుంబమువారి కాపురము. లోనికి పోవు దారి ఇరుకు, మెట్లు ఒక్కటే వరుస. 17 మంది మరణించిరి. వారిలో 8 మంది చిన్నపిల్లలు. అధికులను బలిగొన్నది మంట కాదు. ఆ మెట్లదారినిండ క్రమ్ముకొన్న పొగ.

అంతకు రెండేండ్ల ముందు, 2023 మార్చి 16వ తేదీ సాయంకాలము, సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సులో అగ్నిప్రమాదమునకు చిక్కి ఆరుగురు యువతీయువకులు మరణించిరి. వరంగల్లు, మహబూబాబాదు, ఖమ్మము ప్రాంతములనుండి ఉద్యోగమునకై నగరము చేరినవారు వారు. వారికిని ఊపిరాడకుండ చేసినది పొగయే. 2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలో ఒక తుక్కు సామానుల గిడ్డంగికి నిప్పంటుకొనగా పై అంతస్తున నిద్రించుచున్న బీహారు కూలీలు 11 మంది మరణించిరి. వారు దిగివచ్చుటకు ఉన్నది ఒక్క ఇనుప మెట్లదారి.

ఇవన్నియు నగరపు మాటలు, మా ఊరికి సంబంధించినవి కావని అనుకొనవలదు. 2022 ఏప్రిలులో నిజామాబాదులో ఇంటిలో ఛార్జింగునకు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ ప్రేలి 80 ఏండ్ల వృద్ధుడు మరణించెను. అదే నెలలో విజయవాడలో పడకగదిలో పెట్టిన బ్యాటరీ ప్రేలి ఇంటి యజమాని మరణించెను. విద్యుత్ స్కూటరు నేడు చేరని గ్రామమున్నదా? దానిని మనము ఎక్కడ ఛార్జింగునకు పెట్టుచున్నాము? సరిగా మెట్ల క్రింద; అనగా ఇంటివారు తప్పించుకొని పోవలసిన ఏకైక మార్గమున.

నిద్రించువానిని పొగ వాసన లేపునని చాలమంది నమ్మకము. ఇది ప్రమాదకరమైన పొరపాటు. గాఢనిద్రలో ముక్కు మనలను లేపదు, చెవి లేపును. పొగను ఒకటి రెండు గుటకలు పీల్చిన పిదప మనిషి లేచినను తల తిరిగి తలుపు గడియ ఎక్కడున్నదో తెలియని స్థితిలో నుండును. అదియునుగాక మంట నేడు మునుపటికంటె త్వరగా వ్యాపించును. అమెరికాలో పరిశోధకులు రెండు గదులను కాల్చి చూచిరి. పాతకాలపు కొయ్య, దూది సామాను గల గది పూర్తిగా మంటల పాలగుటకు అర్ధగంట దగ్గరగా పట్టినది. నురుగు పరుపులు, కృత్రిమపు నూలు సోఫాలు గల గదికి అయిదు నిమిషములు కూడ పట్టలేదు. మన ఇండ్లలో నులకమంచము పోయి నురుగు పరుపు వచ్చినది గనుక ఈ లెక్క మనదియే. ఫైరింజను ఎంత దగ్గరనున్నను అయిదు నిమిషములలో మీ గుమ్మము ముందుండునని తలచుట అత్యాశ. ఆ కొద్ది సమయములో ఇంటివారిని లేపగలది ఇంటిలోనే యుండవలెను.

వాసన లేని విషము

పొగ కంటికి కనబడును, గొంతు పట్టును. కంటికి కనబడనిది, వాసన లేనిది, రుచి లేనిది మరియొకటి కలదు. అది కార్బన్ మోనాక్సైడు. పెద్దలు బడిలో చదువుకొన్న బొగ్గుపులుసు వాయువు వేరు, ఇది వేరు. బొగ్గుగాని, కట్టెగాని, గ్యాసుగాని తగినంత గాలి దొరకి చక్కగా మండినచో వచ్చునది బొగ్గుపులుసు వాయువు. గాలి చాలక అరకొరగా మండినచో వచ్చునది ఈ విషము. మన నెత్తురులో ప్రాణవాయువును మోసికొనిపోవు ఎఱ్ఱని పదార్థమొకటి కలదు గదా, దానికి ప్రాణవాయువుకంటె ఈ విషవాయువుతో రెండు వందల రెట్లకు పైగా చెలిమి ఎక్కువ. బండిలో ఖాళీలన్నియు ఇది ఆక్రమించును, ప్రాణవాయువునకు చోటుండదు. పదిలక్షల పాళ్ళ గాలిలో 400 పాళ్ళున్నచో ఒకటి రెండు గంటలలో తలనొప్పి పుట్టును, మూడు గంటలు దాటినచో ప్రాణాపాయము. 1,600 పాళ్ళున్నచో ఇరువది నిమిషములలోనే తల తిరిగి వాంతులగును. గంట, రెండు గంటలలో ప్రాణము పోవును.

సింగరేణి గనులలో పనిచేసిన కుటుంబములవారికి ఈ మాట కొత్త కాదు. భూగర్భములో బొగ్గు తనంతట తానే వేడెక్కి లోలోపల రగులునప్పుడు ఈ వాయువు పుట్టును. గనులలో దీనిని కొలుచుట ప్రాణరక్షణకు సంబంధించిన పని. ఇంగ్లండులో హాల్డేను అను శాస్త్రజ్ఞుడు పంతొమ్మిదవ శతాబ్దము చివర చిన్న పిట్టలను పంజరములో ఉంచి గనులలోనికి తీసికొనిపోవుడని సలహా చెప్పెను. మనిషికంటె ముందు పిట్ట సొమ్మసిల్లును. దానిని చూచి మనుష్యులు బయటపడుదురు. 1986 వరకు బ్రిటిషు గనులలో ఆ పిట్టలుండెను. పిదప వాటి స్థానమున యంత్రములు వచ్చినవి. మనమిప్పుడు ఇంటిగోడకు పెట్టుకొనుడని చెప్పుచున్నది ఆ యంత్రపు పిల్లనే.

గని లేని ఊరిలో ఈ విషమెక్కడనుండి వచ్చును? ముందుగా బాలింతగదినుండి. చలికాలమున బాలింతగదిలో కుంపటి పెట్టుట, తలుపులు బిగించుట, శిశువునకు సాంబ్రాణి వేయుట మన ఇండ్లలో తరతరముల అలవాటు. బొగ్గులు పొగలు క్రక్కునంతసేపు కుంపటిని వాకిట నుంచి, ఎఱ్ఱగా కాలి పొగ నిలిచిన తరువాత లోనికి తెత్తురు. పొగ లేదు గనుక మంచిదని వారి ఉద్దేశము. కాని ఎఱ్ఱగా కణకణలాడు బొగ్గులే ఈ విషమును ధారాళముగా విడుచును. పెంకుటింటి గదిలో అది పైకప్పు సందులలో కలిసిపోయెడిది. స్లాబు వేసిన పదడుగుల గదిలో ఎక్కడికి పోవును? తల్లియు బిడ్డయు గాఢముగా నిద్రించుచున్నారని ఇంటివారు తలుపు దగ్గరగా వేయుదురు. ఈ విషయమున పెద్దవారిని ఎగతాళి చేయుటవలన ప్రయోజనము లేదు. వారి కాలపు గదికి ఆ అలవాటు తగియుండెను. మన గదికి తగదు. గదిని వెచ్చగా నుంచుటకు దుప్పట్లు, వేడినీటి సంచి చాలును. కుంపటి తప్పనిసరియని పట్టుపట్టినచో గది వెచ్చనైన పిదప కుంపటిని బయటపెట్టి, కిటికీ కొంత తెరచి, అప్పుడు తల్లిని లోనికి పంపవలెను.

తరువాతిది గ్యాసు గీజరు. చిన్న స్నానపుగది, మూసిన కిటికీ, లోపలనే మండు గీజరు: గదిలోని ప్రాణవాయువు కొద్ది నిమిషములలో తరుగును, మంట అరకొరయగును. స్నానమునకు పోయిన పిల్లవాడు ఎంతకును రాకపోయిన సంగతులు మన పత్రికలలో ప్రతి చలికాలము వచ్చుచునేయున్నవి. 2020 జనవరిలో నేపాలులోని దామన్ వద్ద ఒక విడిదిగృహములో కేరళ యాత్రికులు 8 మంది చలికి గ్యాసు హీటరు వెలిగించుకొని, తలుపులు మూసికొని నిద్రించి, మరల లేవలేదు. వారిలో నలుగురు పిల్లలు. ఆ గదిలో మంట లేదు, మసి లేదు, చెదరిన వస్తువు ఒక్కటియు లేదు.

కరెంటు పోయినప్పుడు దుకాణములోపల నడుపు జనరేటరు, మూసిన గదిలో ఇంజను నడుచుచున్న కారు, బావిలో దింపిన ఆయిలింజను, ఇవన్నియు ఇదే విషమును విడుచును. బావిలో దిగుటకు ముందు దీపము దింపి చూచు అలవాటు రైతులకు కలదు. దీపము ఆరినచో ప్రాణవాయువు లేదని తెలియును. అది మంచి పరీక్షయే. కాని దీపము వెలుగుచున్నది గనుక అపాయము లేదనుట తప్పు. మనిషిని చంపునంత కార్బన్ మోనాక్సైడున్నను దీపము నిశ్చింతగా వెలుగుచుండును.

యంత్రము చేయు పని

పొగను కనిపెట్టు యంత్రమును అంగడిలో స్మోక్ డిటెక్టరు అందురు. అరచేతి వెడల్పున గుండ్రని తెల్లని పెట్టె. లోపల చీకటి గదిలో ఒక చిన్న వెలుగు, దానికి ప్రక్కగా ఒక కన్ను అమర్చబడియుండును. మామూలుగా వెలుగు ఆ కంటికి సోకదు. పొగరేణువులు లోనికి పోయినంతనే వెలుగు వాటిపై పడి చెదరి కంటికి సోకును. వెంటనే గంట మ్రోగును. తలుపు సందునుండి వచ్చు ఎండలో దుమ్ము కనబడుట మీరందరు చూచియుందురు. సూత్రమదియే. అతిస్వల్ప రేడియోధార్మిక పదార్థముతో పనిచేయునది మరియొక రకము కలదు; మెల్లగా రగులు పరుపుల పొగను మొదటి రకమే త్వరగా పసికట్టును గనుక ఇండ్లకు దానినే మేము మెచ్చుకొందుము. దీని మ్రోత మూడు మీటర్ల దూరమున 85 డెసిబెల్సు. గాఢనిద్రలోనున్న పెద్దవారు ఉలికిపడి లేచుటకు ఇది చాలును. చిన్నపిల్లలు మాత్రము ఈ మ్రోతకును లేవకపోవచ్చును. వారిని ఎవరు ఎత్తుకొని రావలెనో ముందే నిర్ణయించుకొనవలెను. చెవుడుగలవారికై వెలుగు చిమ్మునవి, తలగడ క్రింద అదరునవి కలవు.

కార్బన్ మోనాక్సైడు గంట వేరు. అది పొగను చూడదు. రసాయనిక చర్య ద్వారా గాలిలోని విషమును కొలుచును. యూరపు ప్రమాణము ప్రకారము 50 పాళ్ళున్నచో గంట, గంటన్నరలో మ్రోగును. 100 పాళ్ళకు 10 మొదలు 40 నిమిషములలో. 300 పాళ్ళు దాటినచో మూడు నిమిషములలోపల. తలనొప్పి మొదలగుటకు ముందే లేపుట దాని ధర్మము. గ్యాసు కారుటను కనిపెట్టునది మూడవది. ఒక్క పెట్టె మూడు పనులను చేయునని అంగడివాడు చెప్పినచో పెట్టెపైని వ్రాతను చదివి నమ్ముడు. పొగగంటపై ఇ.ఎన్. 14604 లేక యు.ఎల్. 217 అనియు, కార్బన్ మోనాక్సైడు గంటపై ఇ.ఎన్. 50291 లేక యు.ఎల్. 2034 అనియు ప్రమాణపు గుర్తుండవలెను. గుర్తు లేనిదానిని అగ్గువకు వచ్చినను కొనవలదు.

ఎక్కడ పెట్టవలెను

పొగ పైకి పోవును గనుక పొగగంట పైకప్పున నుండవలెను. మొదటిది పడకగదుల ముందరి నడవలో. రెండవది మెట్లదారిలో, ప్రతి అంతస్తునకు ఒకటి. సాధ్యమైనచో ఒకటి మ్రోగినంతనే అన్నియు మ్రోగునట్లు తమలో తాము కలుపబడు రకము కొనుట మంచిది. మెట్ల క్రింది స్కూటరునకు నిప్పంటుకొన్నచో మూడవ అంతస్తున నిద్రించువారికి అప్పుడే తెలియును. మూలలలో గాలి కదలదు, అచట పెట్టరాదు. మన దేశపు ఇండ్లకు మరియొక జాగ్రత్త కలదు: తిరుగు పంకా రెక్కల కొసకు మూడడుగుల దూరముండవలెను. లేనిచో పంకా గాలి పొగను గంట దగ్గరకు చేరనీయదు. వంటింటిలో పొగగంట పెట్టరాదు. పొయ్యికి పదడుగుల దూరమైన నుండవలెను. ఎందుకో అమెరికాలోను, ఇంగ్లండులోను ఉన్న మన పిల్లలను అడుగుడు. అచట అద్దె ఇండ్లకు కూడ ఈ గంటలు నియమము. పప్పుకు పోపు వేసినంతనే గంట మ్రోగుటయు, ఎవరో ఒకరు తువాలు పట్టుకొని దానిక్రింద విసరుటయు వారికి నిత్యకృత్యము.

మా సంగతియు చెప్పవలెను. మా ఇంటి పొగగంటను దేవుని గదికి దగ్గరగా పెట్టించితిమి. శుక్రవారము సాంబ్రాణి వేసినప్పుడెల్ల అది మ్రోగెడిది. మూడవ శుక్రవారము విసిగి బ్యాటరీ ఊడదీసితిమి. తిరిగి పెట్టుట రెండు నెలలు మరచితిమి. ఊరివారికి ఉపన్యాసములిచ్చుచు మా ఇంట చేసిన పని ఇది. తప్పు గంటది కాదు, చోటుది. దానిని నడవలోనికి మార్చిన పిదప ఊరకే మ్రోగలేదు. తుర్కయంజాల్ వైపు ఒక కొత్త ఇంటిలో మరియొక చిత్రము చూచితిమి. పైకప్పున గంట చక్కగా నున్నది, కాని దానికి అంగడిలో తొడిగిన ప్లాస్టిక్ మూత అట్లే యున్నది. అడుగగా, రంగులు వేయుట ముగియలేదని ఇంటాయన చెప్పెను. గృహప్రవేశమై ఏడాది గడచినది!

కార్బన్ మోనాక్సైడు గాలితో సమానమైన బరువుగలది, గదియంతటను కలిసిపోవును. అందుచేత ఈ గంటను పడకగదిలో, పడుకొన్న మనిషి తల ఎత్తున, గోడకు పెట్టవచ్చును. తయారీదారు కాగితముపై వేరుగా చెప్పినచో అట్లే చేయుడు. గ్యాసు గీజరు గల ఇంట, స్నానపుగదిలోపల గాక దాని బయటి గదిలో పెట్టవలెను; ఆవిరికి యంత్రము చెడును. అన్నిటికంటె మేలైన పని గీజరునే బయటి గోడకు మార్చుట. వంటగ్యాసు గాలికంటె బరువైనది, నేలబారున ప్రాకును. దాని గంట నేలకు అడుగెత్తున నుండవలెను. గ్యాసు గంటను పైకప్పునకు బిగించిన ఇంటివారు తమకు రక్షణ కలదని నమ్మి నిద్రించుదురు. అసలు లేకుండుటకంటె అది అపాయము.

నెలకొకసారి మీట నొక్కి మ్రోగించి చూడవలెను. కరెంటు బిల్లు ఇంటికి వచ్చిన దినమే గంట పరీక్షాదినముగా పెట్టుకొన్నచో మరపురాదు. సంక్రాంతికి ఇల్లు దులుపునప్పుడు దీని దుమ్మును, సాలెగూడును తుడువవలెను. సున్నము, రంగులు వేయునప్పుడు దించి, తిరిగి పెట్టవలెను. పొగగంటకు పదేండ్ల ఆయువు. కార్బన్ మోనాక్సైడు గంట ఆయువు దాని వెనుకనే ముద్రింపబడియుండును. ఆ తేదీ దాటినది గోడపై అలంకారము మాత్రమే. నిమిషమునకొకసారి కిచకిచమని కూసినచో బ్యాటరీ అయిపోవుచున్నదని అర్థము. అది చెడినదని పారవేయవలదు.

పంచాయతీ చేయదగినది

తెలంగాణలో 18 మీటర్లు, అంతకు మించిన ఎత్తుగల నివాసభవనములకే అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రము కావలెను. మన రెండంతస్తుల, మూడంతస్తుల ఇల్లు ఆ నియమమునకు లోబడదు. ఇంగ్లండులో 2022 అక్టోబరు 1 నుండి అద్దెకిచ్చు ప్రతి ఇంట అంతస్తునకొక పొగగంటయు, గ్యాసు పొయ్యి మినహా ఇంధనము మండించు స్థిరమైన పరికరమున్న ప్రతి గదిలో కార్బన్ మోనాక్సైడు గంటయు ఇంటి యజమాని పెట్టితీరవలెనని నియమము చేసిరి. మనకట్టి నియమము లేదు. అందుచేత ఇచట పని ఆజ్ఞతో గాక నచ్చచెప్పుటతో జరుగవలెను. నచ్చచెప్పుట వార్డు సభ్యునికి తెలిసినంతగా మరియెవ్వరికి తెలియును?

అందరికి ఒకేసారి చెప్పినచో ఎవ్వరును వినరు. గంట అవసరము అన్ని ఇండ్లకు సమానముకాదని మా అభిప్రాయము. గాలి ధారాళముగా ఆడు పెంకుటింటిలో, రెండు తలుపులున్నచోట, తొందరలేదు. మొదట చూడవలసినవి: దుకాణముపైన గాని, గిడ్డంగిపైన గాని కాపురమున్న ఇండ్లు, మెట్ల క్రింద విద్యుత్ వాహనము పెట్టు ఇండ్లు, మంచము పట్టిన వృద్ధులున్నవి, గ్యాసు గీజరున్నవి, ఈ చలికాలమున కాన్పు కానున్నవి. చివరివాని జాబితా ఆశా కార్యకర్తవద్ద సిద్ధముగానే యుండును. వసతిగృహములు, కూలీల రేకుల షెడ్లు కూడ మరువరాదు. బోయిగూడలో చనిపోయినవారు ఓటర్లు కారు. గంట అద్దెకున్నవారు కొనవలెనా, యజమాని కొనవలెనా అను తగవు తప్పక వచ్చును. గంట యజమానిది, బ్యాటరీ అద్దెవారిది అను ఒప్పందము న్యాయముగా తోచుచున్నది.

వెల విషయము. సామాన్యమైన పొగగంట ఒకటి రెండు గ్యాసు సిలిండర్ల వెలకు మించదు. కార్బన్ మోనాక్సైడు గంట కొంత ఎక్కువ. మహిళా సంఘములు ఒక్కుమ్మడిగా కొన్నచో తగ్గింపు వచ్చును. ఈ మార్గము మనకు కొత్త కాదు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశములో దీపం పథకము క్రింద సంఘముల స్త్రీలకు గ్యాసు కనెక్షనులు వచ్చినప్పుడు, అది ప్రేలునని భయపడినవారు లేకపోలేదు. ప్రక్కయింటి ఆమె వెలిగించి చూపిన పిదప భయము పోయినది. గంట విషయమునను ముందు సర్పంచి ఇంట, పంచాయతీ కార్యాలయమున, అంగన్‌వాడీలో ఒక్కొక్కటి పెట్టి, గ్రామసభలో అగరువత్తి పొగతో మ్రోగించి చూపుడు. ఇంటి అనుమతికై వచ్చినవారితోను, ఊరిలో వైరింగు పనిచేయు ఎలక్ట్రీషియనుతోను మాటలాడుడు. ఇల్లు కట్టునప్పుడే తీగ లాగినచో ఖర్చు స్వల్పము. ప్రతి ఏట ఏప్రిలు 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవములు జరుగును. 1944 ఏప్రిలు 14న బొంబాయి రేవులో ఓడ ప్రేలినప్పుడు మరణించిన అగ్నిమాపక సిబ్బంది స్మృతికై అవి ఏర్పడినవి. ఆ వారములో మీ సమీప కేంద్రపు అధికారిని గ్రామమునకు పిలిచినచో వారు సంతోషముగా వత్తురు.

ఊచల సంగతి ఆ సభలోనే తేల్చవలెను. గంట లేపును గాని తలుపు తెరువదు. ప్రతి అంతస్తున ఒక కిటికీకైనను ఊచలచట్రము కీలుపై తెరచుకొనునట్లు చేయించి, లోపలివైపు తాళము వేసి, తాళపుచెవిని ఆ కిటికీ ప్రక్కనే మేకునకు తగిలింపవలెను. జాలీ గేటు తాళపుచెవియు అట్లే. తలగడ క్రింది తాళపుచెవి చీకటిలో, పొగలో దొరకదు. కమ్మరివానికి ఇది ఒకపూట పని.

గంట మ్రోగినప్పుడు

పొగగంట మ్రోగినచో ఏమి మండుచున్నదో వెదకుచు నిలువరాదు. పొగ పైన దట్టముగాను క్రింద పలుచగాను ఉండును. వంగి, అవసరమైనచో ప్రాకుచు పోవలెను. మూసిన తలుపును చేతి వెనుకభాగముతో తాకి చూడుడు. వేడిగానున్నచో తెరువవలదు, వేరొక దారి చూడుడు. బయటపడునప్పుడు వెనుక తలుపు మూయుడు. మూసిన తలుపు మంటను కొన్ని నిమిషములైనను ఆపును. వేపచెట్టు క్రిందనో, రామాలయము ముందో అందరు చేరవలసినచోటు ముందుగా చెప్పుకొనియుండవలెను. తలలు లెక్కించి 101కి ఫోను చేయుడు. బీరువాలోని పత్రములకై, నగలకై తిరిగి లోనికి పోవలదు. గ్యాసు వాసన వచ్చినచో స్విచ్చులు తాకవలదు, రెగ్యులేటరు కట్టి తలుపులు తెరచి బయటకు వచ్చి 1906కి చెప్పుడు.

కార్బన్ మోనాక్సైడు గంట మ్రోగినప్పుడు ఇంటిలో ఏ మార్పు కనబడదు. అందుచేతనే జనులు దానిని నమ్మరు. అందరు బయటకు రావలెను, పోవుచు తలుపులు తెరువవలెను. గంట లేని ఇంట గుర్తు ఇది: ఇంటిల్లిపాదికి ఒకేసారి తలనొప్పి, వికారము, కాళ్ళలో సత్తువ లేకుండుట, వాకిటికి వచ్చినచో తేలికపడుట. జ్వరమయినచో వాకిటికి రాగానే తగ్గదు గదా. స్పృహ తప్పినవారిని వెంటనే బయటి గాలిలోనికి తెచ్చి 108ని పిలువుడు. వైద్యము ప్రాణవాయువే. మామూలు గాలిలో ఈ విషము సగము తగ్గుటకు నాలుగయిదు గంటలు పట్టును. ముసుగు ద్వారా ప్రాణవాయువు నిచ్చినచో గంట, గంటన్నరలో సగము తగ్గును. కరోనా కాలమున మనము కొన్న వ్రేలి ఆక్సీమీటరు ఇచట మోసపుచ్చును. విషము మోయుచున్న నెత్తురుకూడ ఎఱ్ఱగానే యుండుటచే అది 98 అని చూపవచ్చును. ఆ అంకెను చూచి రోగిని ఇంటికి తీసికొనిపోవలదు. రోగి ఏ గదిలో దొరకెను, తలుపులు మూసియుండెనా, లోపల కుంపటి యుండెనా, గీజరు మండుచుండెనా, జనరేటరు నడచుచుండెనా అను సంగతి డాక్టరునకు మొదటి మాటగా చెప్పుడు.